జప్తు చేసిన క్రిప్టో కీని పంచనామాలో రాయకండి: సైబర్ క్రైమ్ పోలీసులకు, కోర్టులకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సైబర్ క్రైమ్ విభాగాల అధికారులకు, ఈ కేసులు చూస్తున్న గౌరవ మేజిస్ట్రేట్లకు,

నమస్కారం.

ముద్దాయి ఇంట్లో దొరికిన ఫోన్‌నో హార్డ్‌వేర్ వాలెట్‌నో (క్రిప్టో రహస్య కీని దాచే చిన్న పరికరం) సీల్ చేసి ప్రాపర్టీ రూంలో పెట్టినంత మాత్రాన క్రిప్టో మీ స్వాధీనంలోకి రాదు. మీరే కొత్తగా తయారుచేసుకున్న, ముద్దాయి గానీ అతని మనుషులు గానీ ఎన్నడూ చూడని కీ, అంటే కాయిన్లను పంపే అధికారమిచ్చే రహస్య సంఖ్య, ఒకటి ఉండాలి. ఆ కీ కింది అడ్రస్‌కు (ఖాతా నంబరు లాంటిది) కాయిన్లు చేరి, బ్లాక్‌చెయిన్‌లో (అందరికీ కనిపించే లావాదేవీల పద్దులో) ఖరారైతేనే జప్తు జరిగినట్టు. ఆ తర్వాత కూడా కేసు కాగితాల్లోకి ఎక్కాల్సినవి అడ్రస్, ట్రాన్సాక్షన్ నంబరు, కాయిన్ల సంఖ్య మాత్రమే. సొమ్ము ఉన్న కీ ఏదైనా, ఏ రూపంలోనూ ఎక్కకూడదు. మేము అడుగుతున్నవి ఈ రెండే.

బంగారం జప్తు చేస్తే అది బీరువాలో ఉన్నంతకాలం బయట ఇంకెవరి దగ్గరా ఉండదు. క్రిప్టో సంగతి అలా కాదు. ప్రైవేట్ కీ అంటే 256 బిట్ల సంఖ్య, అంతే. చాలా వాలెట్లలో అది 12 లేదా 24 ఇంగ్లీషు పదాల నుంచి పుడుతుంది. బిప్-39 అనే ప్రమాణం ప్రకారం ఈ పదాలు 2,048 పదాల స్థిరమైన జాబితాలోంచి వస్తాయి. ఆ పదాలు వరుసగా తెలిసినవాడు ప్రపంచంలో ఎక్కడున్నా, మీ దగ్గర సీల్ వేసి ఉన్న పరికరంతో పని లేకుండా మొత్తం ఖాళీ చేయగలడు. ముద్దాయి మీ కస్టడీలో ఉండొచ్చు. అతని తమ్ముడి దగ్గరో భాగస్వామి దగ్గరో అవే పదాలు ఇంకో కాగితం మీద ఉంటే అరెస్టు వార్త టీవీలో వచ్చేలోపే కాయిన్లు వెళ్లిపోతాయి. ఫోన్‌ను ఫారడే బ్యాగ్‌లో (సిగ్నళ్లు అందనివ్వని సంచిలో) పెట్టినా ఇది ఆగదు. కాయిన్లు ఫోన్‌లో ఉండవు కదా.

దీనికి బయటి ఉదాహరణలు చాలానే ఉన్నాయి. అమెరికాలో సిల్క్ రోడ్ అనే ఆన్‌లైన్ డ్రగ్స్ బజారు దర్యాప్తులో పనిచేసిన సీక్రెట్ సర్వీస్ ఏజెంట్ షాన్ బ్రిడ్జెస్ 2015లో బిట్‌కాయిన్ల దొంగతనం ఒప్పుకున్నాడు. ప్రభుత్వం అప్పటికే జప్తు చేసిన మరో వాలెట్ కీ కూడా అతని దగ్గర ఉండొచ్చని, కాయిన్లను వేరే చోటికి మార్చమని హెచ్చరిక వచ్చినా ఎవరూ మార్చలేదు. అతను జైలుకు వెళ్లేలోపే అందులోంచి 1,600కు పైగా బిట్‌కాయిన్లు మళ్లించాడు. కోర్టు ఆదేశం మీద చెల్లింపు చేయబోయినప్పుడు గానీ వాలెట్ ఖాళీ అయిందని తెలియలేదు. మన దేశంలో, 2018 నాటి బిట్‌కాయిన్ మోసం కేసులో సాంకేతిక సాయానికి పిలిచిన ఇద్దరు నిపుణులనే 2022 మార్చిలో పుణె పోలీసులు అరెస్టు చేశారు. ముద్దాయిల వాలెట్ల నుంచి కాయిన్లు మళ్లించారన్నది వాళ్ల మీద ఆరోపణ. 2021 జనవరిలో బెంగళూరు పోలీసులు రూ.9 కోట్ల విలువైన 31 బిట్‌కాయిన్లు స్వాధీనం చేసుకున్నామని ప్రకటించారు. అవి పోలీసుల చేతికి రానేలేదని తర్వాత బయటపడింది. 2025 ఫిబ్రవరిలో బిట్‌కనెక్ట్ అనే క్రిప్టో పెట్టుబడి మోసం కేసులో ఈడీ స్వాధీనం చేసుకున్న క్రిప్టో విలువ రూ.1,646 కోట్లు. ఈ స్థాయి సొమ్ము రేపు ఒక జిల్లా సైబర్ స్టేషన్ ఎస్సై చేతికి రావచ్చు. అందుకే ఇప్పుడు రాస్తున్నాం.

సోదా జరిగే గంటలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 105 ప్రకారం సోదాను, స్వాధీనాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేసి మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఇది మంచి నిబంధన. కానీ కెమెరా ముందు డైరీ తెరిచి, పదాలున్న పేజీ చూపించి, పంచుల కోసం పైకి చదివితే ఆ వీడియోనే కీ అయిపోతుంది. ఇక ఆ ఫైలు ఎన్ని చేతులు మారితే అన్ని దొంగ తాళాలు తయారైనట్టే. కోర్టులో వస్తువు ప్రవేశపెట్టాక సెక్షన్ 497 కింద 14 రోజుల్లో వివరాల పట్టిక, ఫోటో తీయించే పద్ధతి ఉంది. అక్కడా ఇదే ప్రమాదం. పంచనామాలో పదాలు రాస్తే ఆ నకలు ఛార్జిషీట్‌తో పాటు ముద్దాయిలందరికీ, వాళ్ల వకీళ్లకూ అందుతుంది.

కొన్ని పదాలే కనిపించాయిలే అనుకోవడం కూడా తప్పే. 12 పదాల్లో 10 పదాలు, వాటి వరుసతో సహా వీడియోలో చిక్కాయనుకుందాం. మిగిలిన రెంటికి 2,048ని 2,048తో గుణిస్తే 41,94,304 జతలు వస్తాయి. చివరి పదంలో చెక్‌సమ్ (మిగతా పదాలు సరైనవో కాదో సరిచూసే భాగం) ఉంటుంది కాబట్టి వీటిలో 16కు ఒకటే చెల్లుతుంది. అంటే 2,62,144 జతలు. మామూలు ల్యాప్‌టాప్‌కు ఇది నిమిషాల పని. పైగా ఈ జాబితాలో ఏ పదమైనా మొదటి నాలుగు అక్షరాలతోనే తేలిపోతుంది. బొటనవేలితో సగం పదం మూసినంత మాత్రాన లాభం లేదు.

కాబట్టి పద్ధతి ఇలా ఉండాలి. పదాలున్న కాగితం దొరికిన చోటును, దొరికిన తీరును వీడియో తీయండి. కాగితాన్ని బోర్లా తిప్పి, వెలుగు దూరని మందపాటి కవర్లో పెట్టి, కెమెరా ముందే సీల్ వేసి, సీల్ మీద పంచుల సంతకాలు తీసుకోండి. పంచనామాలో ‘నీలం గీతల కాగితం, పొడవు వెడల్పులు ఇంత, చేతిరాతతో 12 ఇంగ్లీషు పదాలు, కవర్ సీల్ నంబరు ఇది’ అని రాస్తే చాలు. పదాలు కాగితం మీదే ఉండాలని లేదు. నాలుగేసి అక్షరాలు పొడిచిన స్టీలు రేకు, పుస్తకం అంచున పెన్సిల్ గీతలు, ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్, నోట్స్ యాప్, బ్రౌజర్‌లోని వాలెట్ ఎక్స్‌టెన్షన్, పాత కంప్యూటర్‌లో ‘wallet.dat’ అనే ఫైలు, ఇలా ఎక్కడైనా ఉండొచ్చు. వెతికే సిబ్బందికి ఇవన్నీ ముందే చూపించి ఉంచాలి.

అన్నిటికంటే ముఖ్యంగా, పదాల ఫోటో తీసి పై అధికారికి వాట్సాప్‌లో పంపకండి. ఫోటో తీసిన మరుక్షణం అది క్లౌడ్ బ్యాకప్‌కు వెళ్లొచ్చు, గ్రూపులో ఉన్న ప్రతి ఫోన్‌లోనూ సేవ్ కావొచ్చు. గ్యాలరీలోని బొమ్మల్లో అక్షరాలు చదివి సీడ్ పదాలు (కీని పుట్టించే ఆ 12 లేదా 24 పదాలు) ఏరుకునే స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్‌ను 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ పరిశోధకులు అధికారిక యాప్ స్టోర్లలోని యాప్‌లలోనే కనుగొన్నారు.

ఇక కాయిన్లను కదిలించే పని. అంతకుముందు బ్యాలెన్స్ చూడాలనిపిస్తుంది. దాని కోసం పదాలను ఎవరి ఫోన్‌లోనూ, ఏ వెబ్‌సైట్‌లోనూ టైప్ చేయకండి. ‘సీడ్ చెకర్’ పేరుతో దొరికే సైట్లు దొంగతనానికే పుట్టాయి. తయారీ సంస్థ నుంచి నేరుగా కొన్న కొత్త హార్డ్‌వేర్ వాలెట్‌ను ముందే సిద్ధంగా ఉంచుకుని, దాని తెర మీదే పదాలు ఎక్కించండి. బ్యాలెన్స్ సున్నా చూపించినా అక్కడితో ఆగకండి. అవే పదాల నుంచి వేర్వేరు దారుల్లో వేర్వేరు అడ్రస్‌లు పుడతాయి. బిట్‌కాయిన్‌కు 44, 49, 84, 86 అనే నాలుగు దారులు వాడుకలో ఉన్నాయి. 1తోనో, 3తోనో, బీసీ1తోనో మొదలయ్యే అడ్రస్‌లు వాటి నుంచి వస్తాయి. ఈథీరియంలో ఒక కంపెనీ వాలెట్ రెండో ఖాతాను తీసే దారి ఇంకో కంపెనీ వాలెట్ తీసే దారితో కలవదు. వాలెట్లు సాధారణంగా వరుసగా 20 ఖాళీ అడ్రస్‌లు రాగానే వెతకడం ఆపేస్తాయి. ముద్దాయి 21వ దాన్ని వాడి ఉండొచ్చు, ఆ హద్దును పెంచి చూడండి. వీటన్నిటికీ తోడు పాస్‌ఫ్రేజ్ ఒకటి ఉంటుంది. పదాలకు అదనంగా పెట్టుకునే ఈ రహస్యపదం మారితే మొత్తం వాలెట్ మారిపోతుంది, ‘తప్పు’ అనే సందేశం ఎప్పుడూ రాదు. కొందరు చూపించడానికని పాస్‌ఫ్రేజ్ లేని వాలెట్‌లో కొద్దిగా ఉంచి, అసలు సొమ్మును పాస్‌ఫ్రేజ్ వెనక దాస్తారు. దొరికిన మొత్తం దర్యాప్తులో తేలిన మొత్తానికి సరిపోకపోతే మొదటి అనుమానం ఇదే కావాలి.

మన దగ్గర పెట్టుబడి మోసాల కేసుల్లో తరచూ కనిపించేది ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ మీది యూఎస్‌డీటీ (డాలరుతో సమానంగా విలువ ఉండేలా జారీ చేసే కాయిన్). దాన్ని కదిలించాలంటే సాధారణంగా అదే అడ్రస్‌లో ట్రాన్ సొంత కాయిన్ టీఆర్‌ఎక్స్ ఉండాలి, ఫీజు అందులోంచే పోతుంది. చాలా చోట్ల పని ఆగేది ఇక్కడే. లక్షల రూపాయల యూఎస్‌డీటీ కళ్లముందు కనిపిస్తుంటుంది, పంపడానికి టీఆర్‌ఎక్స్ ఉండదు. ప్రతి యూనిట్ దగ్గరా కొంత టీఆర్‌ఎక్స్, కొంత ఈథర్ (ఈథీరియం సొంత కాయిన్) నిల్వ ఉండాలి. ఫీజు పంపిన వెంటనే యూఎస్‌డీటీ కదిలించాలి. అదే కీ ఉన్న ఇంకొకడు కాచుకుని ఉంటే ఆ ఫీజును కూడా లాగేస్తాడు. ట్రాన్‌లో ఇంకో మెలిక ఉంది. ఖాతా యజమాని అనుమతులను వేరే కీకి మార్చేయవచ్చు. అలా మార్చిన ఖాతాలో పదాలు సరైనవే అయినా సంతకం చెల్లదు. ఎక్స్‌ప్లోరర్‌లో (బ్లాక్‌చెయిన్ లావాదేవీలు చూపించే వెబ్‌సైట్‌లో) ఆ ఖాతా అనుమతుల పేజీ ముందే చూడండి. యూఎస్‌డీటీని జారీ చేసే టెథర్ సంస్థ పోలీసుల అభ్యర్థన మీద అడ్రస్‌ను స్తంభింపజేయగలదు. ఆ అభ్యర్థన సమాంతరంగా నడపండి. బిట్‌కాయిన్‌ను ఆపగలిగేవారు ఎవరూ లేరు కాబట్టి ముందు దాన్నే కదిలించండి.

బిట్‌కాయిన్‌లో ‘పంపాం’ అన్నది ముగింపు కాదు. బ్లాక్‌లోకి ఎక్కని ట్రాన్సాక్షన్‌ను అదే కీ ఉన్నవాడు ఎక్కువ ఫీజుతో తన అడ్రస్‌కు మళ్లించుకోవచ్చు. 2024 అక్టోబర్‌లో వచ్చిన బిట్‌కాయిన్ కోర్ 28.0 నుంచి ఇలాంటి మార్పిడిని ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగానే అనుమతిస్తోంది. అందుకని ఫీజు దగ్గర పొదుపు వద్దు. తర్వాతి బ్లాక్‌లోనే ఎక్కేంత పెట్టండి. ఆరు నిర్ధారణలు (ఆ ట్రాన్సాక్షన్ ఉన్న బ్లాకుతో కలిపి ఆరు బ్లాకులు), అంటే సుమారు గంట, పూర్తయ్యేవరకు ‘స్వాధీనం’ అని రాయకండి, పత్రికలకు చెప్పకండి. చాలామంది సలహా ఇచ్చే ‘ముందు కొంచెం పంపి చూద్దాం’ పద్ధతి ఇక్కడ పనికిరాదన్నది మా అభిప్రాయం. ఆ కొంచెమే బయట ఉన్నవాడికి హెచ్చరిక అవుతుంది. పరీక్షించాల్సింది మీ సొంత అడ్రస్‌ను. అది సోదాకు వెళ్లకముందే జరగాలి.

ఆ సొంత అడ్రస్ ఎలా ఉండాలన్నదే ఈ లేఖలో అసలు విషయం. ఒక్క అధికారి చేతిలో ఒక్క కీ ఉండకూడదు. మూడింట రెండు సంతకాలు తప్పనిసరి అయిన మల్టీసిగ్ వాలెట్ పెట్టండి. పెద్ద మొత్తాలకు ఐదింట మూడు. మూడు కీలు మూడు వేర్వేరు కార్యాలయాల్లో, వీలైతే వేర్వేరు తయారీదారుల పరికరాల్లో ఉండాలి. ఒకటి దర్యాప్తు విభాగం దగ్గర, ఒకటి దర్యాప్తుతో సంబంధం లేని పోలీసు విభాగం దగ్గర, ఒకటి కోర్టు సూచించిన అధికారి దగ్గర. బిట్‌కాయిన్‌లో ఇది నేరుగా కుదురుతుంది. ట్రాన్‌లో ఖాతా అనుమతులు మార్చి పెట్టుకోవచ్చు, దానికి 100 టీఆర్‌ఎక్స్ ఖర్చవుతుంది. ఈథీరియంలో స్మార్ట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్ మీదే నడిచే ప్రోగ్రామ్) వాలెట్ కావాలి.

కీ ఎలా పుట్టిందో అంతకంటే ముఖ్యం. వెబ్‌సైట్ ఇచ్చిన పదాలు వద్దు, ఎవరో ల్యాప్‌టాప్‌లో కమాండ్ కొట్టి తెచ్చినవి వద్దు. 2023లో లిబ్‌బిట్‌కాయిన్ ఎక్స్‌ప్లోరర్ అనే పాత, పేరున్న సాధనంలోనే లోపం బయటపడింది. పైకి 24 పదాలు ఇచ్చినా లోపల యాదృచ్ఛికత 32 బిట్లే. అంటే సుమారు 430 కోట్ల అవకాశాలు, కంప్యూటర్ అన్నిటినీ వరుసగా చూసేయగలదు. దాంతో చేసిన వాలెట్ల నుంచి తొమ్మిది లక్షల డాలర్లకు పైగా పోయాయి. హార్డ్‌వేర్ వాలెట్ తనంతట తాను పుట్టించిన పదాలు వాడండి, లేదా పాచికలు వేసి ఎక్కించే సదుపాయం ఉన్న పరికరం తీసుకోండి. ఆరు ముఖాల పాచిక ఒక్క వేటుకు సుమారు 2.58 బిట్లు ఇస్తుంది. 99 వేట్లు వేస్తే దాదాపు 256 బిట్లు వస్తాయి. ఇద్దరు అధికారుల ఎదుట, కెమెరా లేని గదిలో ఇది అరగంట పని.

పదాలను స్టీలు రేకు మీద పొడిచి సీల్ చేయండి. 24 పదాలను మూడు ముక్కలుగా విడగొట్టి ముగ్గురికి ఇచ్చే అలవాటు కొన్ని కార్యాలయాల్లో ఉంది. అది మల్టీసిగ్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఒక ముక్క పోతే మొత్తం పోయినట్టే. ప్రతి ముక్క బయటపడ్డ కొద్దీ మిగిలిన రక్షణ తరిగిపోతుంది. మల్టీసిగ్‌లో చాలామంది మరిచేది ఇంకొకటి. మూడింట రెండు కీలు చేతిలో ఉన్నా, మూడో కీ తాలూకు పబ్లిక్ భాగం, అంటే ఎక్స్‌పబ్, తెలియకపోతే బిట్‌కాయిన్ ఖర్చు చేయలేరు. మూడు ఎక్స్‌పబ్‌లు, దారులు కలిసిన వాలెట్ వివరణ ఫైలును ప్రతి కీ రేకుతో పాటు ఒక్కో ప్రతి ఉంచండి. ఎక్స్‌పబ్‌తో డబ్బు తీయలేరు కదా అని దాన్ని ఛార్జిషీట్‌కు జత చేయకండి. దాంతో మీ అడ్రస్‌లన్నీ బయటపడతాయి. ఎక్స్‌పబ్‌కు దాని కింది ఏదో ఒక మామూలు అడ్రస్ ప్రైవేట్ కీ కూడా తోడైతే, లెక్క కట్టి పై కీని, దాంతో మిగతా కీలన్నిటినీ రాబట్టవచ్చు.

బదిలీల మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఛార్జ్ అప్పగింతలో సీల్ కవర్ చేతులు మారితే రిజిస్టర్‌లో సంతకం ఉంటుంది. పాత అధికారి పదాలు చూసుకున్నారో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. ఎవరినీ అనుమానించమని అనడం లేదు. నిజాయితీగల అధికారికి రేపు నింద రాకుండా ఉండాలన్నా ఇదే దారి. కీ పట్టుకున్నవారు బదిలీ అయితే ఆ ఒక్క కీ స్థానంలో కొత్త కీతో కొత్త వాలెట్ చేసి, కాయిన్లను అందులోకి మార్చి, ఆ ట్రాన్సాక్షన్ నంబరునే ఛార్జ్ పత్రంలో రాయండి. బ్రిడ్జెస్ విషయంలో జరగనిది ఇదే.

సంతకం చేసేటప్పుడు కంప్యూటర్ తెరను నమ్మవద్దు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజ్ సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ పోగొట్టుకుంది. వాళ్ల దగ్గర మల్టీసిగ్ ఉంది, హార్డ్‌వేర్ వాలెట్లు ఉన్నాయి. కానీ సంతకందారులు చూసిన వెబ్ పేజీ మామూలు బదిలీని చూపించింది, పరికరానికి వెళ్లింది మాత్రం వాలెట్ పగ్గాలే మార్చే ఆదేశం. 2024 జులైలో మన దేశపు వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్‌లో సుమారు 23 కోట్ల డాలర్లు పోయింది కూడా మల్టీసిగ్ వాలెట్ నుంచే. పరికరం చిన్న తెర మీద చదవగలిగిన అడ్రస్, మొత్తం కనిపిస్తేనే సంతకం చేయాలి. అర్థం కాని అంకెల వరుస కనిపిస్తే ఆపేయాలి. అడ్రస్‌ను మొదటి అక్షరం నుంచి చివరిదాకా పోల్చండి. మొదటి నాలుగు, చివరి నాలుగు కలిసేలా అడ్రస్‌లు తయారుచేసి పాత లావాదేవీల్లో కలిపేసే మోసగాళ్లున్నారు. 2024 మేలో ఇలాగే ఒకరు 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (ఈథీరియం మీద బిట్‌కాయిన్‌కు ప్రతిగా నడిచే కాయిన్లు) పొరపాటు అడ్రస్‌కు పంపారు. బాధితులకు తిరిగి చెల్లించమని కోర్టు ఆదేశించినప్పుడు ఇది మీకూ ఎదురవుతుంది. అఫిడవిట్‌లో ఇచ్చిన అడ్రస్‌కు మొదట చిన్న మొత్తం పంపి, బాధితుడు అందిందని రాతపూర్వకంగా చెప్పాకే మిగతాది పంపండి. ఇక్కడ మాత్రం పరీక్ష అవసరం.

కాయిన్లు మీ అడ్రస్‌కు చేరాక ముద్దాయి పాత పదాలు మామూలు సాక్ష్యమే. ఫోరెన్సిక్ ఇమేజ్ నకలు ఇవ్వొచ్చు, వీడియో చూపించొచ్చు, దాపరికం అక్కర్లేదు. అదే పదాల కింద ఉన్న అన్ని నెట్‌వర్క్‌లూ, అన్ని దారులూ ఖాళీ అయ్యాయని రూఢి చేసుకోవడమే మిగిలింది. కోర్టుకు ఇచ్చే నివేదికలో నెట్‌వర్క్ పేరు, ముద్దాయి అడ్రస్, మీ అడ్రస్, ట్రాన్సాక్షన్ నంబరు, బ్లాక్ నంబరు, తేదీ, కాయిన్ల సంఖ్య ఉండాలి. రూపాయల విలువ ఏ రోజు ధరకు కట్టారో పక్కన రాయండి. మేజిస్ట్రేట్ గారు తన బల్ల మీది కంప్యూటర్ నుంచే ఏ క్షణాన్నైనా ఆ అడ్రస్‌లో సొమ్ము ఉందో లేదో చూసుకోగలరు. ప్రతి కేసుకు వేరే అడ్రస్ పెడితే లెక్క కలగాపులగం కాదు.

ఇవన్నీ ఒక్క స్టేషన్ తనంతట చేయలేదు. సెక్షన్ 106 కింద స్వాధీనం చేసుకుని వెంటనే మేజిస్ట్రేట్‌కు తెలియజేసే అధికారం పోలీసులకు ఇప్పటికే ఉంది. కాయిన్లను పోలీసు అడ్రస్‌కు మార్చడం కూడా ఆ స్వాధీనంలో భాగమేనని చెప్పే స్టాండింగ్ ఆర్డర్‌ను రెండు రాష్ట్రాల డీజీపీలు జారీ చేయాలి. సీడ్ పదాలను వీడియోలో, ఫోటోలో, పంచనామాలో చూపించకూడదని హైకోర్టులు కింది కోర్టులకు సర్క్యులర్ పంపాలి. బయటి నిపుణులను పిలిచినప్పుడు వాళ్లు చెబుతుంటే అధికారి చేయాలి. పదాలు గానీ పరికరం గానీ వాళ్ల చేతికి ఒంటరిగా ఇవ్వకూడదు.

స్టాండింగ్ ఆర్డర్ వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే చేయగలిగేది ఒకటుంది. మీ ప్రాపర్టీ రూంలలో ఇప్పటికే సీల్ వేసి ఉన్న హార్డ్‌వేర్ వాలెట్లు, ఫోన్లు, పదాల కాగితాల జాబితా రాయించండి. ఏ కేసుల్లో అడ్రస్‌లు తెలుసో అవి ఎక్స్‌ప్లోరర్‌లో చూసి, అరెస్టు తేదీ తర్వాత కదలికలున్నాయేమో గుర్తించండి. పరికరాల పిన్ ఊహించి నొక్కకండి. లెడ్జర్ పరికరం మూడు తప్పులకే, ట్రెజర్ మరికొన్ని తప్పులకు తనలోని కీని చెరిపేసుకుంటుంది. పదాల ప్రతి వేరే చోట లేకపోతే ఆ సొమ్ము బాధితులకు ఇక ఎప్పటికీ రాదు.

ఇట్లు,
వాలెట్ల భద్రత మీద పనిచేస్తున్న కొందరు తెలుగు ఇంజనీర్లు